తడవని రాళ్లు

తిరుచానూరు దాటాక కొత్తగా లేచిన కాలనీలో ఒక ఇంటి ముందు తోట వేసే పని నాకు వచ్చింది. ఇంటాయన నాయుడుపేట దగ్గర ఫ్యాక్టరీలో పెద్ద ఉద్యోగి. తెల్లవారి కారెక్కితే దీపాలు పెట్టే వేళకే తిరిగి దిగేవాడు. అందుకని ఇల్లు కట్టించే పనంతా ఆయన భార్యే దగ్గరుండి చూసుకుంది. ఆమె హైస్కూల్లో లెక్కల టీచరు. ఎక్కువ మాట్లాడేది కాదు గానీ, మేస్త్రీ గోడ కాస్త పక్కకు తిప్పినా గేటు దగ్గర నుంచే కనిపెట్టేది.

తిరుపతిలో తోటలు వేయడం నా వృత్తి. మొదట్లో చిన్న నర్సరీ నడిపాను. మొక్కలు కొన్నవాళ్లు మీరే వచ్చి నాటివ్వండి అని అడగడం, నేను వెళ్లడం, అలా మెల్లగా ఇదే పని అయిపోయింది. మా ఎండలకు పచ్చగడ్డి నిలవదు. నిలపాలంటే దానికి పోసే నీళ్లు చూసి పక్కింటివాళ్లు తగాదాకు వస్తారు. అందుకే గడ్డి తగ్గించి గులకరాళ్లు పరుస్తాను. కింద కలుపు రాకుండా నల్ల గుడ్డ, దాని మీద రాళ్లు, మధ్యమధ్య నీళ్లు పెద్దగా అడగని మొక్కలు. చూడటానికి సులువుగా ఉంటుంది, చేయడం అంత సులువు కాదు. రాళ్లన్నీ ఒకే సైజులో ఉంటే బస్తా కుమ్మరించినట్టు ఉంటుంది. మరీ తెల్లరాళ్లు వేస్తే మధ్యాహ్నం కళ్లు తెరవలేం, పక్కనున్న మొక్క మాడిపోతుంది.

ఆ ఇంటి స్థలం రోడ్డు వైపు ఎత్తు, వరండా వైపు పల్లం. వాన పడితే నీళ్లన్నీ గడప దాకా వచ్చేవి. అందుకని నేను ఒక వాగులాంటిది గీశాను. రోడ్డు వైపు మొదలై, మామిడి మొక్క చుట్టూ వంపు తిరిగి, ఇంటి పక్కగా వెనక ఇంకుడు గుంతలోకి పోయే కాలువ. లోపల గులకరాళ్లు. వాన లేనప్పుడు ఎండిన వాగులా కనిపిస్తుంది, వాన వస్తే నిజంగానే నీళ్లు మోస్తుంది. భార్యాభర్తలిద్దరికీ నచ్చింది.

"అంగట్లో దొరికే పాలిష్ రాళ్లు మాత్రం వద్దు మేడమ్. హోటల్ ముందర మాదిరి ఉంటాది. నిజం వాగు మాదిరి ఉండాల," అన్నాడు ఇంటాయన నాతో.

నేను ఎప్పుడూ రాళ్లు తీసుకునే రేణిగుంట రోడ్డు అంగడిలో ఆ రంగులు అయిపోయాయి. మాకు మట్టి, ఎరువు తోలే ట్రాక్టరు డ్రైవరు ఆ మాట విని, పుత్తూరు అవతల తన బంధువుల పట్టా భూమి చదును చేస్తున్నారని, అక్కడ గులకరాళ్లు కుప్పలు పడి ఉన్నాయని చెప్పాడు. వాగువంకల్లో రాళ్లు ఎత్తితే కేసు పెడతారు, అవి నేను ముట్టనని అతనికి తెలుసు. "వంకలోవి కాదక్కా, చేనులోవే," అన్నాడు. రెండు రోజుల్లో లోడు వచ్చింది. బూడిద, ఇటుక, తేనె రంగుల రాళ్లు. కోడిగుడ్డంత చిన్నవి, రెండు పిడికిళ్లంత పెద్దవి. ఇంటాయన ఫోన్లో ఫొటో చూసే మురిసిపోయాడు.

గృహప్రవేశానికి ఇంక ఒక్క రోజు మిగిలింది. ఆ రోజు పొద్దున్నే మేం పనిలోకి దిగాం. మేమంటే నేను, నాతో ఏళ్లుగా పనిచేస్తున్న ఒకామె, ఆమె తెచ్చిన కొందరు ఆడవాళ్లు. ఆమెను నేను పెద్దమ్మీ అని పిలిచేదాన్ని, వయసులో నాకంటే కాస్త పెద్దదే అయినా ఆమె నన్ను అక్కా అనేది. ఆమెదీ పుత్తూరు వైపే. కుప్ప పక్కన కూర్చుని ఆమె పైపుతో రాళ్లు కడిగి ఇస్తుంటే, మిగతావాళ్లు తట్టల్లో తీసుకుపోయి కాలువలో పోస్తున్నారు. నేను కాలువ అంచున పెద్దరాళ్లు అమరుస్తున్నాను. కాలువ సగం నిండింది. రాళ్ల మీద నీళ్లు పడే చప్పుడు ఆగిపోయినట్టు అనిపించి తల ఎత్తాను. పైపు ఆమె పక్కన నేల మీద పడి ఉంది, నీళ్లు వృథాగా పారుతున్నాయి.

"అక్కా, ఈడికి రా," అంది పెద్దమ్మీ.

ఆమె రెండు చేతుల్లో నిలువుగా ఒక రాయి ఉంది. దాని పగుళ్లలో పసుపు పచ్చటి మట్టి.

"రాయి రంగేమో," అన్నాను.

ఆమె మాట్లాడకుండా రాయిని నా ముక్కు దగ్గర పెట్టింది. పసుపు, పాత నూనె. ఆ వాసనను ఇంకోటి అనుకోవడానికి లేదు. ఆమె కాళ్ల దగ్గర ఇంకో రాయి ఉంది. దాని నెత్తిన, నీళ్లు పూర్తిగా కడిగేయని చోట, ఎర్రగా కుంకుమ.

"అక్కదేవతలక్కా ఇవి. ఎవురో మొక్కే అక్కగార్లను మనం తట్టలో మోస్తా ఉండాం."

ఆ మాటతో కాలువలో ఉన్న ఆడవాళ్లందరూ గట్టెక్కేశారు. ఒకామె చెప్పులు దూరంగా విసిరేసింది.

మా వైపు వంకల గట్ల మీద, చేల అంచుల్లో అక్కదేవతలు ఉంటారు. ఏడుగురు అక్కచెల్లెళ్లు. గుడి ఉండదు, విగ్రహం ఉండదు. ఏడు రాళ్లు వరసగా నిలబెట్టి పసుపు రాసి, కుంకుమ పెట్టి, ఏడాదికోసారి అక్కడే పొంగలి వండుతారు. తెలియనివాళ్లు చూస్తే రాళ్లే. చదును చేసే మిషన్ కళ్లకు అవి రాళ్లే అయ్యాయన్నమాట.

డ్రైవరుకు ఫోన్ చేశాను. ఎత్తలేదు. మళ్లీ చేశాను. స్విచ్ఛాఫ్. కాసేపటికి తెలియని నంబరు నుంచి అతనే చేశాడు.

"అక్కా, ఆ లోడు మాట ఎవురికీ చెప్పొద్దక్కా."

"అందులో ఏం వచ్చినాయో నీకు తెలుసా?"

"ఇప్పుడు తెలిసిందిలే. మిషనాయన తెల్లారకముందే మబ్బులోనే నింపేసినాడు. చేను గట్టు దాటి వంక పక్కకి తోడేసినాడంట. నేను సూసుకోలేదక్కా, మా అమ్మ తోడు."

"సరే, ఊళ్లోవాళ్లకు చెప్పు. తెచ్చిచ్చేస్తాం."

అతను గొంతు తగ్గించి, ఊళ్లో జరిగింది చెప్పాడు. ఊళ్లో రాళ్లు కనపడకపోవడం నిన్ననే చూశారు. ఆ వంక గట్టు పక్క చేను ఒక రైతుది. పూజకు వచ్చేవాళ్లు తన చెనక్కాయ చేను తొక్కేస్తున్నారని ఆయన ఎన్నేళ్లుగానో తగువు పడుతున్నాడు. ఈ రాళ్లు యాడన్నా పారేస్తా అని కోపంలో ఒకసారి అన్నాడట. ఇప్పుడు ఆ మాటే ఆయన మెడకు చుట్టుకుంది. పైగా రాత్రి ఎవరిదో ఆవు చచ్చిపోయింది, అది అక్కదేవతల కోపమే అంటున్నారు.

"కర్పూరం ఆర్పి ప్రమాణం చేయమంటా ఉండారంట ఆయప్పను. ఆయప్ప చెయ్యనంటాడు. వయసు పిల్లోళ్లు నిన్న సాయంత్రమే చెయ్యి చేసుకున్నారంట. ఈ పొద్దు మళ్లీ పిలిపిస్తారు."

"నువ్వెళ్లి జరిగింది చెప్పొచ్చు గదా?"

"పోతే నన్ను పూడ్చేస్తారక్కా. నేను సూళ్లూరుపేటలో మా చిన్నమ్మ ఇంట్లో ఉండా." ఫోన్ పెట్టేశాడు.

గృహప్రవేశమని ఇంటాయన ఆ రోజు సెలవు పెట్టి ఇంట్లోనే ఉన్నాడు. విషయం చెప్పాను. ఆయన ముఖం తెల్లబోయింది. రాళ్ల దగ్గరికి రావడానికి కూడా ఇష్టపడలేదు, వరండా మెట్ల మీదే ఆగిపోయాడు.

"రేపు పొద్దున్నే హోమం. సుట్టాలంతా వస్తా ఉండారు. ఇప్పుడు ఈ మాట బయటికి పోతే ఎట్లా మేడమ్? వంక రాళ్లు తెప్పించినారని కేసు పెడితే నా ఇంటి మీదికే గదా వస్తాది?"

"మరి ఆ రైతు?"

"నేను వద్దనలేదే. రేపు హోమం అయిపోనియ్యండి. పొద్దు గుంకినాక తీసుకపోయి ఆడ పెట్టేసి రండి. అమ్మవార్లు తిరిగొచ్చినారనుకుంటారు. ఎవురికీ ఇబ్బంది ఉండదు."

ఆయన చెడ్డవాడు కాదు. ఎన్నేళ్లో దాచుకుని కట్టుకున్న ఇల్లు. ఆ భయం నాకు అర్థమైంది. నిజం చెప్పాలంటే ఆ ఉపాయం విన్నప్పుడు నా గుండె కూడా కాస్త తేలికపడింది. ఊరి జనం ముందు నిలబడాల్సిన పని తప్పుతుంది కదా.

ఆయన భార్య అప్పటిదాకా తలుపు దగ్గర నిలబడి వింటోంది. "రేపు సాయంత్రం దాకా ఆయప్ప బతికుండొద్దా?" అంది.

"నీకేం తెలుసు ఊర్ల సంగతి?"

"నేను పల్లెలోనే పుట్టినాను గదా. తెలుసు కాబట్టే అంటా ఉండా." ఆమె చీర కుచ్చెళ్లు ఎత్తి దోపుకుంటూ మెట్లు దిగింది. నా వైపు తిరిగి, "ఎన్ని దొరికినాయి?" అని అడిగింది.

అప్పటికి పసుపు ఆనవాళ్లున్నవి నాలుగు దొరికాయి. ఇంకా మూడు ఉండాలి. ఇప్పటికే కడిగి కాలువలో పోసిన రాళ్లలో ఉన్నాయేమో, కుప్ప అడుగున ఉన్నాయేమో, అసలు ఈ లోడులో వచ్చాయో లేదో. పసుపు కడుక్కుపోయాక రాయి రాయిలాగే ఉంటుంది. వేల రాళ్లలో ఆ మూడింటిని ఎలా పట్టుకోవడం? ఆడవాళ్లు ఒక్కొక్క రాయీ తీసి వాసన చూడటం మొదలుపెట్టారు. ఆ లెక్కన వారం పడుతుంది.

కాలువ గట్టు మీద కూర్చున్నాను. ఎదురుగా తడిసిన రాళ్లు ఎండకు ఆరుతున్నాయి. అప్పుడు తట్టింది. కొన్ని ఇళ్లలో రాళ్లు ఎప్పుడూ తడిసినట్టు నిగనిగలాడాలని అడుగుతారు. అలాంటి చోట రాళ్లకు ఒక రకం పూత వేస్తాం. పూత వేసిన రాయి మీద నీళ్లు పోస్తే లోపలికి ఇంకవు. తామరాకు మీద జారినట్టు చుక్కలు చుక్కలుగా జారిపోతాయి. ఏళ్ల తరబడి నూనె తాగిన రాయి కూడా అంతే కదా?

పెద్దమ్మీ చేతిలోని రాయి తీసుకుని నీళ్లు పోశాను. నీళ్లు ముత్యాల్లా దొర్లి కింద పడ్డాయి. పక్కనున్న మామూలు రాయి మీద పోశాను. రాయి నల్లబడింది.

"తడవని రాళ్లు వెతకండి," అన్నాను.

అందరం చెప్పులు విడిచి కాలువలోకి దిగాం. పరిచిన రాళ్లన్నీ తిరగదీసి, పైపుతో తడుపుతూ, తడిసినవి ఒక పక్కకు నెట్టుతూ పోయాం. టీచరమ్మ కూడా మాతో పాటు మోకాళ్ల మీద కూర్చుంది. ఎండ నడినెత్తికి వచ్చింది. కాళ్ల కింద రాళ్లు కాలుతున్నాయి. మామిడి మొక్క దగ్గర వంపులో, నేను పొద్దున నా చేత్తో ముచ్చటపడి నిలబెట్టిన అంచు రాయి మీద నీళ్లు నిలవలేదు. ఐదు. కుప్ప అడుగున ఇంకోటి. ఆరు.

ఏడోది దొరకలేదు. మొత్తం కాలువ తవ్వేశాం. కుప్పంతా చదునుగా పరిచేశాం. ఇంటాయన వరండాలో అటూ ఇటూ తిరుగుతున్నాడు గానీ మమ్మల్ని ఏమీ అనడం లేదు. అంతలో డ్రైవరు ఫోన్.

"అక్కా, ఆయప్ప ఇంటికాడికి జనం పోతా ఉండారంట. మా బంధువు చెప్పినాడు. ఏమన్నా చెయ్యక్కా."

ఆ ఫోన్ పెట్టేసేసరికి పెద్దమ్మీ ఒక చిన్న రాయి పట్టుకుని నా వైపు చూస్తోంది. దాని మీద నీళ్లు పోస్తే ఒక పక్క తడిసింది, ఇంకో పక్క జారిపోయింది. వాసన చూశాం. ఆమెకు ఉన్నట్టు అనిపించింది, నాకు లేనట్టు అనిపించింది. టీచరమ్మ కూడా చూసి తల అడ్డంగా, తరవాత నిలువుగా ఊపింది.

"ఇంక వెతికే టైము లేదు," అంది. లోపలికి వెళ్లి తాంబూలాలకు తెచ్చిన కొత్త రవికెగుడ్డలు తెచ్చింది. ఒక్కొక్క రాయినీ ఒక్కొక్క గుడ్డలో చుట్టాం. కారు ఆమే తీసింది. గేటు దగ్గర ఇంటాయన అడ్డుగా నిలబడ్డాడు.

"నువ్వు పోవాల్సిన పనేముంది?"

"ఈ రాళ్ల మీద నడిచి రేపు నేను ఇంట్లోకి రాలేను," అంది ఆమె. ఆయన పక్కకు తప్పుకున్నాడు.

వెనక సీట్లో పెద్దమ్మీ ఆ మూటలను ఒడిలో కొన్ని, పక్కన కొన్ని పెట్టుకుని, గతుకు వచ్చినప్పుడల్లా రెండు చేతులూ అడ్డం పెడుతోంది. పుత్తూరు రోడ్డు మీద లారీలు. ఊరి దారిలోకి తిరిగాక రైలు గేటు వేసి ఉంది. గూడ్సు బండి నింపాదిగా పోతోంది. ఎంతకీ అయిపోదు. టీచరమ్మ స్టీరింగ్ మీద వేళ్లతో కొడుతూ ఉంది. అక్కడ ఏం చెప్పాలో నేను లోలోపల మాటలు కూర్చుకుంటున్నాను. ఒక్క మాటా నిలవడం లేదు.

ఊళ్లోకి వెళ్లగానే దారి అడగాల్సిన అవసరం లేకపోయింది. జనం ఉన్న చోటే ఆ ఇల్లు. తిన్నె మీద ఒక నడివయసు మనిషి గోడకు ఆనుకుని కూర్చున్నాడు. చొక్కా చేతి దగ్గర చిరిగింది. ఒక కన్ను వాచి సగం మూసుకుపోయింది. ఆయన వెనక తలుపు సందులోంచి ఆయన భార్య చీర కొంగు కనిపిస్తోంది. ముందు నేల మీద ఇత్తడి పళ్లెంలో కర్పూరం వెలుగుతోంది. ఎర్ర టవలు భుజాన వేసుకున్న ఒక కుర్రవాడు పళ్లెం ఆయన వైపు కాలితో నెట్టబోయి ఆగాడు.

"ఆర్పు సిన్నాయినా. తప్పు సెయ్యకపోతే ఆర్పేదానికి ఏమి?"

"నేనెందుకు ఆర్పాల?" అన్నాడు ఆ మనిషి. గొంతు బొంగురుపోయి ఉంది. "నువ్వెవుర్రా నన్ను అడిగేదానికి?"

జనం ముందుకు కదిలారు. నేను కారు దిగి "ఆగండప్పా" అన్నాను. ఎవరికీ వినపడలేదు. మళ్లీ అరిచాను. ఒకరిద్దరు తిరిగి చూసి, దారిన పోయేవాళ్లనుకుని ముఖం తిప్పుకున్నారు. అప్పుడు టీచరమ్మ కారు తలుపు గట్టిగా వేసి, తరగతి గదిలో పిల్లలను అదిలించే గొంతుతో, "అందరూ ఒక్క నిమిషం ఆగండి!" అంది. ఆ గొంతుకు పెద్దవాళ్లు కూడా చప్పున ఆగిపోయారు.

"మీ అక్కదేవతలు మా దగ్గర ఉండారు," అన్నాను. కూర్చుకున్న మాటలన్నీ పోయి అదొక్కటే మిగిలింది. "తిరుపతిలో ఒక ఇంటి తోటకని రాళ్లు తెప్పించినాను. ఆ లోడులో వచ్చేసినాయి. ఈ పొద్దు కడుగుతా ఉంటే తెలిసింది. ఆయనకు దీంతో ఏమీ సంబంధం లేదు."

ఒక్కసారిగా అందరూ మాట్లాడటం మొదలుపెట్టారు. ఎర్ర టవలు కుర్రవాడు నా ముందుకు వచ్చాడు.

"ఎవురు తోలినారు ట్రాక్టరు? పేరు సెప్పు."

డ్రైవరు పేరు నాలుక చివర ఉంది. చెప్తే ఈ జనం ఇక్కడ నుంచి సూళ్లూరుపేట పోతారని వాళ్ల కళ్లు చూస్తేనే తెలుస్తోంది. తిన్నె మీద ఆ వాచిన కన్ను కూడా కనిపిస్తోంది.

"తెప్పించింది నేను. అడిగేదేమన్నా ఉంటే నన్ను అడగండి."

"ఎవురో సెప్పకపోతే ఈడ్నించి కదలరు మీరు." అతను చెయ్యి చాచి టీచరమ్మ చేతిలోని కారు తాళంచెవి లాగేసుకున్నాడు. ఇంకొకరు వెనక్కి వెళ్లి కారుకు అడ్డంగా బండి పెట్టారు. పెద్దమ్మీ కారులోంచి దిగలేదు. మూటల మీద చేతులు పెట్టుకుని, కిటికీలోంచి, "నన్ను ఏమన్నా అనండి, ఈ తల్లుల మీద మటుకు సెయ్యి పడనియ్య," అంది.

జనంలోంచి ఒక ముసలామె కర్ర పొడుచుకుంటూ వచ్చింది. పొంగలి పెట్టేది ఆమేనని తరవాత తెలిసింది. "తప్పుకోండ్రా. ముందు నా తల్లుల్ని సూడనీండి," అంది. అందరూ దారి ఇచ్చారు.

పెద్దమ్మీ దిగి, ఆ ఇంటి తిన్నె కిందే కొత్త గుడ్డ పరిచి, మూటలు ఒక్కొక్కటే విప్పింది. ముసలామె నేల మీద కూర్చుని మొదటి రాయి మీద అరచెయ్యి పెట్టింది. "పెద్దక్క," అంది. రెండోది తడిమి కొంచెం ఏడ్చింది. "ఈమె నెత్తిన సొట్ట ఉంటాది. ఇదో." మూడు, నాలుగు, ఐదు. ఆరోది నేను మామిడి మొక్క దగ్గర నిలబెట్టింది. దాన్ని ఎత్తి గుండెకు ఆనించుకుంది. జనంలో ఆడవాళ్లు చేతులు జోడించారు.

ఏడోది ఆమె చేతిలోకి తీసుకుంది. తిప్పింది. మళ్లీ తిప్పింది. బొటనవేలితో ఒక పక్క రుద్దింది. టీచరమ్మ నా మోచెయ్యి పట్టుకుంది. ముసలామె తల ఎత్తి నా ముఖంలోకి చూసింది. తరవాత తిన్నె మీది మనిషి వాచిన కంటి వైపు చూసింది. ఆ కుర్రవాడి పిడికిట్లో ఉన్న కారు తాళంచెవి వైపు చూసింది.

"సిన్నమ్మే," అంది. "అందురూ వచ్చేసినారు."

"బాగా సూడవ్వా," అన్నాడు కుర్రవాడు.

"ఈ ఊరికి కోడలుగా వచ్చినప్పుట్నించి పసుపు రాసింది నేనా, నువ్వా? ఆ తాళం ఇచ్చెయ్యి వోళ్లకు."

అతను తాళంచెవి టీచరమ్మ చేతికి ఇవ్వలేదు, కారు బానెట్ మీద పెట్టి పక్కకు జరిగాడు.

పళ్లెంలో కర్పూరం ఎప్పుడో తనంతట తానే కొండెక్కింది. తిన్నె మీది మనిషి గోడ పట్టుకుని లేచాడు. జనాన్ని ఒక చివర నుంచి ఇంకో చివరకు చూశాడు.

"రాళ్లు దొరికినాయి. బాగుండాది. నిన్న నా గడప ముందర నన్ను దొంగా అన్నోళ్లు ఎవురెవురో నాకు గురుతుండాది. ఇంక మీ ఇండ్లకు పోండబ్బా." నా వైపు తిరిగాడు. "నువ్వు నిన్న వచ్చింటే బాగుండునమ్మా."

అని లోపలికి పోయి తలుపు వేసుకున్నాడు.

రాళ్లను మళ్లీ నిలబెట్టే దాకా మమ్మల్ని వెళ్లనివ్వలేదు. అడగకపోయినా మేం వెళ్లేవాళ్లం కాదు. వంక గట్టు మీద కానుగ చెట్టు కింద మిషన్ తోడిన గుంత పచ్చిగా నోరు తెరుచుకుని ఉంది. దాన్ని మట్టితో పూడ్చి, తొక్కి గట్టిపరచి, నేనూ పెద్దమ్మీ ఏడు చిన్న గుంతలు తీశాం. ప్రతి రాయినీ మూడోవంతు లోపలికి దించి, చుట్టూ సన్న కంకర కూరాం. తోటల్లో అంచు రాళ్లు పెట్టే పద్ధతే. ఎవరి పక్కన ఎవరో ముసలామె చెబుతూ వచ్చింది. ఎర్ర టవలు కుర్రవాడు కూడా దూరం నుంచి నీళ్ల బిందె తెచ్చి పెట్టి వెళ్లిపోయాడు. అతను ఆ రైతు సొంత అన్న కొడుకని నీళ్లు పోస్తూ ముసలామె చెప్పింది.

మర్నాడు గృహప్రవేశం జరిగింది. ముందురోజు సాయంత్రమే మిగిలిన రాళ్లన్నీ ఎత్తి గోడ పక్కన కుప్ప వేశాం. కాలువ ఖాళీగా, నల్ల గుడ్డ కనపడుతూ ఉండిపోయింది. ఇదేమని చుట్టాలు అడిగితే ఇంటాయన పని ఇంకా ఉందని చెప్పాడు. ఆ కుప్పను ఆయనే, నేను అడగకుండానే, వేరే బండి మాట్లాడి ఆ వంక దగ్గరికే తిరిగి పంపించాడు. తరవాత క్వారీలో వ్యర్థంగా పడేసిన రాతి ముక్కలను మిషన్‌లో దొర్లించి గుండ్రంగా చేసేవాళ్ల దగ్గర నుంచి బూడిద రంగువి తెప్పించి కాలువ నింపాను. నిజం వాగులా లేదు. తొలి వానకు మాత్రం నీళ్లు గడప తాకలేదు. ఇప్పుడు ఎవరి తోటకైనా అవే వాడుతున్నాను. ఎక్కడివని అడిగి, నా కళ్లతో చూశాకే లోడు ఎత్తిస్తాను.

డ్రైవరు కొన్నాళ్లకు వాళ్లమ్మను వెంటబెట్టుకుని ఆ ఊరికి వెళ్లి తనే ఒప్పుకున్నాడు. తిట్టారు గానీ కొట్టలేదట. ఆపైన నాకు ముఖం చూపించడానికి అతనికి చాలా కాలం పట్టింది.

తరవాతి ఏడాది పొంగలికి రమ్మని ముసలామె కబురు చేసింది. టీచరమ్మా, పెద్దమ్మీ, నేనూ వెళ్లాం. రాళ్లన్నింటికీ మందంగా పసుపు పూసి ఉంది. చివరి రాయి దగ్గర నేను కొంచెం ఎక్కువసేపు నిలబడ్డాను. ముసలామె చూసింది. అది నిజంగా సిన్నమ్మేనా అని నేను అడగలేదు.

రైతు భార్య వచ్చింది గానీ ఆయన రాలేదు. చేనులో ఉన్నాడంటే నేను గట్టు మీదుగా వెళ్లాను. చెనక్కాయకు నీళ్లు కడుతున్నాడు. కన్ను నయమైంది, రెప్ప మాత్రం కొంచెం వాలి ఉంది. నన్ను గుర్తుపట్టి పార ఆనించి నిలబడ్డాడు. పూజకు వచ్చేవాళ్ల కోసం చేను అంచున ఒక సాలు వెడల్పు దారి వదిలిపెట్టాడని అప్పుడు గమనించాను.

"మీరు రాలేదేం?" అన్నాను.

"మా అన్న కొడుకు ఉంటాడు గదా ఆడ." గట్టు వైపు చూశాడు. "ఆ పొద్దు కర్పూరం ఆర్పేసి ఉంటే అయిపోయేది. మా ఇంటామె గూడా ఆర్పమనే ఏడ్చింది. వేరే ఎవురు అడిగినా ఆర్పేసి ఉందును. వాణ్ణి ఈ భుజాన ఎత్తుకుని తిప్పినానమ్మా. వాడు అడిగినాడు."

"అతనితో మాట్లాడటం లేదా ఇప్పటికీ?"

లేదన్నట్టు తల ఊపాడు. నీళ్లు సాలు చివరికి వచ్చేశాయి. ఆయన నీళ్లు పక్క సాలుకు మళ్లేలా మడవ తిప్పడానికి పార ఎత్తుకుని అటు వెళ్లిపోయాడు.